తవుడుకు కొన్న తల్లి

కొరియరు కవరు చించగానే గది నిండా కొత్త జిగురు వాసన వచ్చింది. నా బర్త్ సర్టిఫికెట్టు, బడి సర్టిఫికెట్టు, నర్సింగ్ మార్కుల పత్రాలు, ఒక్కోదాని వెనక పై దేశంలో చెల్లేలా సర్కారు వేసే అపోస్టిల్ ముద్ర స్టిక్కరు, వాటికి జర్మన్ అనువాదాలు. ఆ భాష నాకింకా సరిగ్గా రాదు గానీ, బడి కాగితంలో తల్లి పేరుండాల్సిన చోట మా అమ్మ రుక్మిణమ్మ పేరు కనబడగానే హమ్మయ్య అని మంచం మీద కూలబడ్డాను. మూకండపల్లిలోని ఈ అద్దె గదిలో ఉంటూ, హోసూరు ఆసుపత్రిలో డ్యూటీలు చేసుకుంటూ, ఆ ఒక్క పేరు కోసం నేను పడిన అవస్థ పగవాళ్ళకు కూడా వద్దు. నిన్నమొన్నటి దాకా ఆ కాగితంలో నా తల్లి వేరే ఆవిడ!

మాది తమిళనాడులో మత్తూరు దగ్గర తెలుగు పల్లె. నాకు ముందు పుట్టిన బిడ్డలు పురిట్లోనే పోయారట. అందుకని నేను పుట్టగానే మా అవ్వ నన్ను చేటలో పడుకోబెట్టి, పిల్లలంతా గుండ్రాళ్ళలా బతికిన పొరుగింటి మునెమ్మ పెద్దమ్మకు ఒక పడి తవుడుకు అమ్మేసింది. చావు వెతుక్కుంటూ వస్తే, ఈ ఇంట్లో బిడ్డ లేదు, అమ్మేశారు అనుకుని తిరిగిపోవాలన్నమాట. పాలిచ్చిందీ, జోకొట్టిందీ అమ్మే. కానీ పెళ్ళికి ముందు మళ్ళీ తవుడిచ్చి కొనుక్కునేదాకా పేరుకు నేను మునెమ్మ బిడ్డనే. ఊరంతా తవుడమ్మా అని పిలిచి నన్ను ఏడిపించేవాళ్ళు.

ఏడ్చినా నష్టపోయిందేమీ లేదు, నాకు రెండు వంటిళ్ళుండేవి. చలికాలంలో అనపకాయల వాసన వీధంతా కమ్ముకున్నప్పుడు, ఆడవాళ్ళంతా అరుగుల మీద చేరి గింజలొలిచి, నానబెట్టి, తోలు పితికి, పితికిపప్పు పులుసు కాస్తే, అమ్మ దగ్గర ఒక ముద్ద మింగి, మొండిగోడ దూకి పెద్దమ్మ దగ్గర ఇంకో ముద్ద మింగేదాన్ని. ఉగాదికి అమ్మ కందిపప్పు ఒబ్బట్లు, పెద్దమ్మ కొబ్బరి ఒబ్బట్లు చేసేవాళ్ళు, మామిడికాయల కాలంలో తోటల్లో రాలిన పిందెలకు ఉప్పూకారం అద్దుకుని పళ్ళు పులిసేదాకా తిని, గచ్చకాయలాడుతూ పొద్దు గూకినా ఇల్లు చేరకపోతే పెద్దమ్మ వీధిలో నిలబడి నోటికొచ్చినట్టు తిట్టేది. “దిక్కుమాలినదానా, యాడ సచ్చినావే?” అని ఆమె అరిస్తే మా అమ్మ చేతులు కట్టుకుని వినేది. బిడ్డను ముద్దుగా పిలిస్తే కళ్ళు పడతాయని వాళ్ళిద్దరి లెక్క.

నన్ను బడిలో చేర్చింది కూడా పెద్దమ్మే. తల నిండా ఆముదం పట్టించి, జడలు బిగించి, చెయ్యి పట్టుకుని పోయింది. అమ్మ గేటు బయటే ఆగిపోయింది. తండ్రి పేరేమని అయ్యవారు అడిగితే పెద్దమ్మ మా నాన్న పేరు చెప్పింది, తల్లి పేరంటే మాత్రం తడుముకోకుండా మునెమ్మ అనేసింది. వేరే పేరు చెబితే బేరం చెడి, బిడ్డకేమవుతుందో అని భయం. అలా మా నాన్నకు తెలియకుండానే కాగితం మీద రెండో పెళ్ళయిపోయింది. ఈ మాట మీద మా ఊరు ఎన్నేళ్ళు నవ్వుకుందో!

జర్మనీలో ఉద్యోగం వచ్చాక ఆ నవ్వు కాస్తా ఆరిపోయింది. బర్త్ సర్టిఫికెట్టులో ఒక తల్లి, బడి కాగితంలో ఇంకో తల్లి. ఇలాగైతే ముద్ర పడదు, ముద్ర పడకపోతే వీసా రాదు, వీసా రాకపోతే ఉద్యోగం ఇంకొకరికిచ్చేస్తారని ఏజెన్సీవాళ్ళు చేతులెత్తేశారు. తల్లులిద్దరూ నోటరీ ముందు ప్రమాణపత్రం మీద సంతకం పెడితే, దాన్ని చూపించి బడి కాగితం దిద్దించుకోవచ్చన్నారు. ఇద్దరినీ బస్సెక్కించుకుని కృష్ణగిరికి పోయాను.

నోటరీ తెలుగాయనే. “నేను ఈ బిడ్డకు తల్లిని కాను” అని ఆయన చదవగానే పెద్దమ్మ పెన్ను కింద పెట్టేసింది.

“నేను పెట్టను సార్. బిడ్డను తవుడుకు కొనుక్కున్నాను. కాదని రాసిచ్చి, రేపు దానికేమన్నా అయితే?”

ఆయన అదిరిపడ్డాడు. “అమ్మేది కొనేది అని గట్టిగా అనబాకమ్మా! బిడ్డను అమ్మినామని పేపర్లో రాస్తే మనమంతా జైలుకు పోతాం.”

నేను బతిమాలాను, కసురుకున్నాను, ఆఖరికి ఏడ్చాను. పెద్దమ్మ కదిలితేనా! అమ్మ మాత్రం లేచి బయటికి పోయింది. పశువుల దాణా అంగడి నుంచి కొంగు నిండా తవుడు కట్టుకుని వచ్చి, మమ్మల్నిద్దరినీ ఆ ఆఫీసు మెట్ల మీదికి పిలిచి, పెద్దమ్మ కొంగులో పోసింది.

“అక్కా, నీ తవుడు నీకిచ్చేసినాను. నా బిడ్డను నాకియ్యి.”

పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని అమ్మ చేతిలో పెట్టింది. ముగ్గురం ముక్కులు చీదుకుంటూ లోపలికి పోతే, నోటరీ తన బల్ల మీద రాలిన తవుడు ఊదుకుంటూ సంతకాలు చేయించుకున్నాడు.

ఇప్పుడు మా పల్లెలో ఎవరూ బిడ్డల్ని చేటలో పడుకోబెట్టరు. కాన్పులన్నీ ఆసుపత్రిలోనే. నా తర్వాత మా ఊరిబడిలో ఇంకో తవుడమ్మ చేరలేదు. బిడ్డలు నిక్షేపంగా బతుకుతున్నారు. ఆ ఆచారం పోయిందని నాకు బెంగ లేదు, పీడా పోయింది.

కాగితాలు వచ్చాయని పెద్దమ్మకు ఫోన్ చేశాను. నీ పేరు తీసేశారని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆమే అందుకుంది.

“నా పేరు తీసేసినా నువ్వు బాగనే ఉండావు గదా?”

“బాగున్నాను పెద్దమ్మా.”

“సంతకం పెట్టినప్పటినించీ నాకు కంటిమీద కునుకు లేదమ్మా. ఇంక భయం లేదు. పోయిరా.”

ఇన్నేళ్ళూ నన్ను ముద్దుకు కొనుక్కుందనుకున్నాను. నేను ఎక్కడ చచ్చిపోతానో అని ఆమె ఇన్నేళ్ళూ హడలిపోతూ బతికిందని నాకప్పుడు తెలిసింది.