మా బావగారి ముక్కు

మా బావగారు ఆన్సెల్మ్ ముక్కుకు మా ఊళ్లో చర్చి గంటకున్నంత పేరుంది. ఫ్రాన్స్‌లో లువార్ నది ఒడ్డున మా సాంతొదీల్ ద్రాక్షతోటను ఎప్పుడో మఠం సన్యాసులు వేశారు. ఆ తోట తెల్ల వైన్‌లో తీపి అనేది చుక్క కూడా ఉండదు. ఏ పీపాకి తోట పేరు పెట్టాలో, ఏది వ్యాపారి ట్యాంకర్లోకి పోవాలో తేల్చేది ఆ ముక్కే. నచ్చితే పీపా మీద సుద్దముక్కతో శిలువ గీస్తారు. నచ్చకపోతే లేదు.

ఆ ముక్కు కోసం మేమంతా బతికాం. ఆయన వస్తున్నారంటే నేను ఉల్లిపాయ తరగకూడదు, సబ్బుతో చేతులు కడుక్కోకూడదు. నా చేతిలో లిల్లీపూలున్నాయని మా పెళ్లికి చర్చి బయటే నిలబడ్డారు. వైన్ నోట్లో పోసుకుని పుక్కిలించి బకెట్లో ఉమ్మేస్తారు. రుచి చూసేవాళ్లందరూ చేసేదే, తప్పు లేదు. కానీ మిగతావాళ్లు భోజనం దగ్గర ఓ గ్లాసు తాగుతారు. ఈయన నీళ్లు తాగుతారు. సొంత తోట వైన్ కడుపులోకి దిగితే ఎలా ఉంటుందో ఆయన ఎరగరు. ఊరు మాత్రం "ఎంత నిష్ఠ!" అని మురిసిపోతుంది.

మా ఆయన ఎల్వా మంచాన పడ్డప్పుడు బావగారు ఒక్కసారి వచ్చారు. గుమ్మంలోనే ఆగి ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకున్నారు.

"కర్పూరం మందు వాసనమ్మా. కోతల రోజులు, ముక్కు పోతుంది."

ఎల్వాకి సూప్ తాగిస్తున్న పక్కింటి ఉగెత్ చెంచా దించలేదు. "తమ్ముడు పోతుంటే ముక్కు పోతుందని ఏడుస్తావేంటయ్యా?" అంది.

ఆ ఏడు ఎల్వా మంచం మీది నుంచే చెబుతుంటే, నేనూ ఉగెత్తూ పళ్లు పిండి ఒకే ఒక్క పీపా నింపాం. తర్వాత అతను పోయాడు. వసంతంలో సీసాలకెక్కించే ముందు ఆ పీపా సంగతి తేలాలి. శిలువ పడకపోతే అది ట్యాంకర్లో ఊరందరి వైన్‌తో కలిసిపోతుంది. ఎల్వా చివరి పంట ఏదని అడిగితే చూపించడానికి నా దగ్గర ఏమీ ఉండదు. తోటలో సగం నాదే. అయినా సుద్దముక్క ఎప్పుడూ బావగారి చెవి మీదే ఉండేది.

ఆయన నేలమాళిగలోకి దిగారు. గ్లాసులోకి తీసి, పుక్కిలించి, ఉమ్మారు.

"ఒట్టి పులుపు. తోట పేరు చెడుతుంది. ట్యాంకర్‌కి ఇచ్చెయ్, సొలాంజ్."

"ఒక్క గుక్క మింగండి బావగారూ."

"మింగితే ఏం తెలుస్తుంది? నాలుక చాలు."

"తెలుసుకోవడానికి కాదు. మీ తమ్ముడు చేసింది."

నా వైపు జాలిగా చూశారు. మళ్లీ నోట్లో పోసుకున్నారు. గొంతు కదులుతుందేమోనని చూశాను. బకెట్ మీదికి వంగారు.

మెట్ల మీద నుంచి ఉగెత్ అంది: "ఆ బకెట్టే నయం. కాస్త తాగింది."

ఆయన ఇంకా వంగే ఉన్నారు. ఆయన చెవి మీది సుద్దముక్క తీసుకుని పీపా మీద శిలువ గీశాను. గీత వంకరపోయింది.

"నీకేం తెలుసని గీశావ్? నలుగురూ నవ్వుతారు."

"నవ్వనివ్వండి. సగం తోట నాది."

మూతి తుడుచుకుని మెట్లెక్కి వెళ్లిపోయారు. బకెట్ కడిగే పని ఎప్పటిలాగే నాకు వదిలేశారు.

గ్లాసు కడిగి మేమిద్దరం పోసుకున్నాం. ఆయన అబద్ధం చెప్పలేదు. పుల్లగానే ఉంది, పళ్లు పులిసిపోయాయి. ఉగెత్ మొహం చిట్లించి గ్లాసు మళ్లీ నా ముందు పెట్టింది.

"ఇంకాస్త పొయ్యి," అంది.

పోశాను.