ఇసుక బండికి మంచు ఇంజను

ఒక గుడారం, రెండు కాఫీ ఫ్లాస్కులు, పెద్ద పళ్లెం నిండా మాంసం పులావు, ముగ్గురు పెద్దమనుషుల మధ్యాహ్నపు కునుకు. ఇన్నింటినీ ఒక్క బొటనవేలితో నేలమట్టం చేసిన వీరుణ్ణి మీరెప్పుడైనా చూశారా? చూడాలనుకుంటే బహ్రెయిన్‌లో, హూరాలో నేను పనిచేసే విడిభాగాల కొట్టుకు దయచేయండి. ఆ బొటనవేలు ఇంకా నా చేతికే ఉంది.

ఏటా చలి మొదలవగానే సఖీర్ ఎడారిలో బహ్రెయినీల గుడారాలు లేస్తాయి. పనిమీద అటు వెళ్లినప్పుడల్లా ఆ తెల్ల గుడ్డల్ని చూసి నాలో నేనే నవ్వుకుంటాను. పక్క సీటువాళ్లు కొంచెం జరిగి కూర్చుంటారు. వాళ్ల తప్పేం లేదు.

అప్పట్లో నేను సల్మాబాద్‌లో ఒక గ్యారేజీలో హెల్పర్ని. మెకానిక్కులు విప్పిన సామాను డీజిల్లో కడిగి, తుడిచి, వరసగా పేర్చడం నా ఉద్యోగం. సబ్బు ఎంత రుద్దినా వాసన పోయేది కాదు. అన్నం కలిపితే పప్పు డీజిలు, పులుసు డీజిలు, పెరుగు డీజిలు.

అయితే నేను అల్లాటప్పా హెల్పర్ని కాదండోయ్, పుస్తకాలు చదివిన హెల్పర్ని. బడి చదువుకీ నాకూ పదో తరగతిలోనే చెడింది కానీ, కోనసీమలో మా ఊరి శాఖా గ్రంథాలయంలో ఉన్న రెండు బీరువాలనూ నమిలి మింగేశాను. తేనెటీగల పెంపకం, గ్రహణాలు, నూతుల తవ్వకం, గర్భిణులకు ఆహార నియమాలు... ఏదీ వదల్లేదు. బహ్రెయిన్ వచ్చాక కూడా సెలవు దొరికితే బస్సెక్కి మనామాలో ఒక గ్రంథాలయానికి పోయేవాణ్ణి. నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లిషు పుస్తకాలతో కుస్తీ పట్టేవాణ్ణి. ఎక్కువసార్లు పుస్తకమే గెలిచేది.

ఇంతటి పండితుడు నట్లు కడుక్కుంటున్నాడని ఇంట్లో ఎలా చెప్పుకుంటాడు? ఒకరోజు ఫోన్లో నోరు జారి, "నన్ను మెకానిక్‌ని చేశారే" అనేశాను. మా ఆవిడ సత్యవతి, నేను ఫోను జేబులో పెట్టుకునేలోపు ఆ మాటని వీధి చివరికి చేర్చింది. మర్నాడు మా మావగారు ఫోను చేశారు.

"మెకానిక్కు గారూ, బాగున్నారా? మన చేను దగ్గర ఆయిలింజను మొరాయిస్తోందండీ. ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. మీరు సెలవుకొచ్చాకే బాగుచేయిద్దామని ఆపేశాను."

పెళ్లయిన నాటినుంచి 'ఏమోయ్' తప్ప మరో పిలుపెరగని మనిషి నన్ను 'గారూ' అన్నాడు. ఆ గారు గుండెలో మేకులా దిగింది. ఇంటికెళ్లేలోపు నేను నిజంగా మెకానిక్‌ని అయితీరాలి.

అదిగో, సరిగ్గా అప్పుడు వచ్చింది ఆ ఇంజను. ఏదో చలిదేశం నుంచి పాత సామాను నింపుకొచ్చిన కంటైనర్లో మూలన పడి ఉంది. మా గ్యారేజీ యజమాని, అంటే మా కఫీల్, దాన్ని చూసి నన్ను పిలిచాడు. ఆయన్ని అందరం అర్బాబ్ అనేవాళ్లం. ఆయన హిందీ, నా హిందీ రెండూ కుంటివే. ఒకదాన్నొకటి పట్టుకుని నడిచేవి.

"సూరీ, నువ్వు కితాబులు చదువుతావుగా. ఏమిటిది?"

"మంచు మీద పోయే బండి ఇంజను, అర్బాబ్."

"ఇసుక మీద పోతుందా?"

ఇలాంటి చోట బుద్ధిమంతుడు 'తెలీదు' అంటాడు. నేను, "ఎందుకు పోదు?" అన్నాను.

ఆయన కళ్లు మెరిశాయి. ఎడారిలో తిరిగే ఆయన క్వాడ్, అదే నాలుగు లావుపాటి చక్రాల బండి, ఇంజను చచ్చి షెడ్డులో దుమ్ము తింటోంది. "దానికి దీన్ని పెట్టు. నెలాఖరు శుక్రవారం సఖీర్‌లో మావాళ్లందరి ముందూ నడవాలి. నడిస్తే నువ్వు మెకానిక్‌వి. నడవకపోతే ఖలాస్, ఆ డీజిలు డబ్బా జన్మంతా నీదే."

నాకు తోడుగా వెల్డర్ మల్లేశన్నని ఇచ్చారు. ఆయనది జగిత్యాల వైపు. క్యాంపులో నా పై మంచం ఆయనదే. నా చేపల పులుసుకి ఆయన వంకలు పెట్టేవాడు, ఆయన పచ్చిపులుసుకి నేను పెట్టేవాణ్ణి, చివరికి రెండూ కలుపుకుని ఇద్దరం తినేవాళ్లం. ఇంజన్ని చూసి మల్లేశన్న నెత్తి కొట్టుకున్నాడు.

"తమ్మీ, మంచుల తిరిగేదాన్ని తెచ్చి గీ ఎండల పెడ్తవా? ధ్రువపు ఎలుగుబంటిని బొగ్గుబాయిల దింపినట్టుంటది. గది కుతకుత ఉడికి సస్తది."

"అక్కడే ఉందన్నా కిటుకు. మంచు బండికి కింద చిమ్మే మంచే చల్లదనం. మనకి మంచు లేదు కాబట్టి కారు రేడియేటరు పెడతాం. పుస్తకంలో చదివాను."

"పుస్తకం రాసినోడు దుబాయి జూసిండా?" మల్లేశన్నకి గల్ఫ్ మొత్తం దుబాయే.

గ్యారేజీ అంతా ఇదే గోల. ఒకడు ఐసు ముక్కలు తెచ్చి ఇంజను మీద పెట్టేవాడు, ఇంకొకడు దానికి కంబళి కప్పేవాడు. దాంతో నా పాండిత్యమంతా వేడి మీదికే పోయింది. చిన్న కారు రేడియేటరు, దానికో ఫ్యాను, నీళ్ల గొట్టాలు... అన్నీ అమిరాయి. ఇంటి వెనక దొంగ పడతాడని రాత్రంతా కాపలా కాసి, వీధి తలుపు బార్లా తీసి పెట్టినవాడి కథ మొదలైంది.

ఎలాగంటే, ఇంజను ఏ వైపు తిరిగి కూర్చోవాలో చూపే బొమ్మ మనామా గ్రంథాలయం పుస్తకంలో ఉంది. ఆ పుస్తకం ఇంటికివ్వరు. ఫోన్లో ఫొటో తీసుకోవచ్చు కదా అంటారు మీరు. ఫొటో ఎవడైనా తీస్తాడండీ! పండితుడు గీస్తాడు. ట్రేసింగు పేపరు వేసి, నాలుక బయటపెట్టి, గీత గీతా ఎక్కించాను. అక్షరాలు మాత్రం ఎక్కించలేదు. అవి నాకు కంఠతా వచ్చునని ధీమా. ట్రేసింగు పేపరులో ఉన్న చిక్కేమిటంటే, దాన్ని ఎటు తిప్పినా బొమ్మ కనిపిస్తుంది. గ్యారేజీలో నేల మీద దాన్ని ఏ వైపు పైకి పరిచానో, పరువుగల పాఠకులు మీరే ఊహించుకోండి.

"గీ బెల్టు కుడిదిక్కే ఉంటదా?" అన్నాడు మల్లేశన్న, వెల్డింగు కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి.

"బొమ్మలో అలాగే ఉందన్నా."

"నాకెందుకో ఇంజను మనదిక్కు ముడ్డి పెట్టి కూసున్నట్టు కొడ్తుంది."

"నీకు బొమ్మలు చదవడం రాదన్నా. వెల్డింగు చెయ్."

చేశాడు. పాపం, గట్టిగా చేశాడు.

గురువారం సాయంత్రం వెనక చక్రాలు లేచేట్టు స్టాండు మీద పెట్టి ఇంజను స్టార్టు చేశాం. ఒక్క కేక పెట్టి లేచింది! చక్రాలు బొంగరాల్లా తిరిగాయి, ఫ్యాను ఊదింది, రేడియేటరు చల్లగా ఉంది. పనివాళ్లంతా వచ్చి నా వీపు చరిచారు. బండి ముందు నిలబడి హ్యాండిలు పట్టుకున్న మల్లేశన్న మాత్రం తడిసిన మొహంతో చూస్తున్నాడు. వెనక చక్రాల కింద, టైర్ల అంచుకు తగిలేలా, కడిగిన నీళ్లు మడుగు కట్టి ఉన్నాయి.

"తమ్మీ, టైరు నీళ్లను ఎనుకకు గొట్టాలె గదా. నా మొకం మీదికెందుకొచ్చినయ్?"

"ఫ్యాను గాలన్నా" అన్నాను. ఆ జవాబు ఎంత శాస్త్రీయంగా వచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ ముచ్చటేస్తుంది.

నంబరు పలక లేని బండిని రోడ్డెక్కించకూడదు. అందుకని నేల మీద నడిపి చూడకుండానే పికప్‌లోకి తోసేశాం. ఇంట గెలిచాం, ఇక రచ్చ గెలవడమే తరువాయి.

శుక్రవారం భోజనాలయ్యాక సఖీర్‌లో అర్బాబ్ బంధువర్గమంతా చేరింది. కార్పెట్ మీద ఆయన తండ్రి, తెల్లగడ్డం ముసలాయన, చిన్న కప్పుతో కాఫీ తాగుతున్నాడు. పెద్ద గుడారంలో అర్బాబ్ మావయ్యలు ముగ్గురు, రెండు కాఫీ ఫ్లాస్కులూ ఇంకా ముట్టని ఒక పళ్లెమూ పక్కన పెట్టుకుని, పులావు భారంతో కునుకు తీస్తున్నారు. ఎవరికీ దెబ్బ తగలకూడదని అర్బాబ్ అందర్నీ పక్కలకు జరిపి, బండి మూతిని విశాలమైన ఎడారి వైపు పెట్టించాడు. బండి వెనక ఆ గుడారం ఒక్కటే మిగిలింది.

నేను మల్లేశన్న చెవిలో, "మా ఆవిడకి వీడియో కాల్ పెట్టన్నా. మావగారు కూడా ఉంటారు, చూస్తారు" అన్నాను. ఆయన ఫోను పట్టుకుని బండికి ఎదురుగా, దూరంగా నిలబడ్డాడు. బండి దూసుకుపోవడం బాగా కనబడాలని నా కోరిక.

"యల్లా సూరీ!" అన్నాడు అర్బాబ్.

ఛాతీ విరిచి మీట మీద బొటనవేలు నొక్కాను. మంచు బండి ఇంజనుకి గేర్లుండవు. నొక్కితే పోవడమే. పోయింది. ఎడారి నా నుంచి దూరంగా పోయింది! మల్లేశన్న చిన్నవాడైపోయాడు. ఆయన చేతిలో ఫోను చీమంతయింది.

"తమ్మీ, ఎటు పోతున్నవ్ రా!" అంటూ మల్లేశన్న ఫోను ఎత్తిపట్టి నాకేసి పరుగెత్తుకొచ్చాడు. ముందు మల్లేశన్న, వెనక గుడారం. నుయ్యీ గొయ్యీ సామెత పుట్టించినవాడికి క్వాడ్ లేదు కాబట్టి సరిపోయింది.

ఫోన్లోంచి సత్యవతి గొంతు కీచుమంది. "ఏవండీ! ఎక్కడికెళ్తున్నారండీ?"

"వస్తున్నానే!" అని అరిచాను, పోతూ.

"ఆపు! బ్రేకు పట్టు!" అని అరిచాడు మల్లేశన్న.

"ఎలాగన్నా?"

"పుస్తకంల లేదా?"

బొటనవేలు తీస్తే చాలు, అంతే పని. కానీ భయంలో మనిషి పట్టుకున్నదాన్ని వదలడు, ఇంకా బిగిస్తాడు. నేనూ బిగించాను. ఫ్లాస్కులు పడ్డాయి. పులావు పళ్లెం ఎగిరింది. గుడారం తాళ్లు వెనక ఇరుసుకి జడలా చుట్టుకున్నాయి. గుంజలు ఒక్కొక్కటే వంగి నాకు నమస్కారం పెట్టాయి, తెల్లగుడ్డంతా ముద్దలా కూలింది, ఇంజను దగ్గి ఆగింది. ఆ గుడ్డ కింద మూడు గుట్టలు కదిలాయి. మావయ్యలు ఒకరి తర్వాత ఒకరు బయటికి పాకుతూ వచ్చారు. దేవుడి దయ, ఎవరికీ గీతైనా పడలేదు. ఒకాయన గడ్డంలో మాత్రం జీడిపప్పు ఉంది.

మల్లేశన్న ఫోను పట్టుకునే వచ్చి చేరాడు. ఫోనులోంచి మా మావగారి గొంతు వినిపించింది. "అమ్మాయ్, మన ఆయిలింజను దగ్గరికి మాత్రం రావద్దని చెప్పవే."

గారు పోయింది. ఏమోయ్ కూడా పోయింది. నేను బండి దిగి తల వంచుకుని నిలబడ్డాను. అర్బాబ్ మొహం ఎండలో పెట్టిన ఇనపరేకులా ఉంది. ఆయన నోరు తెరవబోయేలోగా కార్పెట్ మీంచి ఒక వింత చప్పుడు. చూస్తే ముసలాయన. నవ్వుతున్నాడు. కళ్ల నీళ్లు తుడుచుకుంటూ, కడుపు పట్టుకుంటూ, వేలెత్తి అరబ్బీలో ఏదో అన్నాడు.

"ఏమంటున్నారు?" అని అడిగాను.

అర్బాబ్ పళ్లు నూరుతూ చెప్పాడు. "ఇంకోసారి చెయ్యమంటున్నాడు."

ఆ తర్వాత పెద్దాయన మా ఇద్దర్నీ పక్కన కూర్చోబెట్టుకుని ఖర్జూరాలు పెట్టాడు. మల్లేశన్న వాటిని నములుతూ, "నీ పుస్తకం సల్లగుండ తమ్మీ" అన్నాడు. ఆ సాయంత్రపు చలిగాలి, కూలిన గుడారం, వంతులవారీగా నా బండి కథ చెప్పుకుని నవ్వుతున్న ఆ కుటుంబం... ఇన్నేళ్లలో నాకు అంత పరాయిగా అనిపించని పరాయి చోటు మరొకటి లేదు. మల్లేశన్న ఇప్పుడు జగిత్యాలలో గేట్లూ గ్రిల్సూ చేస్తున్నాడు. ఫోను చేస్తే ఇప్పటికీ ఆయన మొదటి ప్రశ్న, "ముందుకేనా తమ్మీ, ఎనుకకా?"

శనివారం పొద్దున్నే నేను చెప్పకుండానే డీజిలు డబ్బా దగ్గరికి పోయి కూర్చున్నాను. అర్బాబ్ వచ్చాడు.

"లే. నడిస్తే మెకానిక్ అన్నాను. నడిచింది. నేను మాట తప్పను. ఈరోజు నుంచి నువ్వు మెకానిక్‌వి."

దిగ్గున లేచాను. "షుక్రన్ అర్బాబ్! షుక్రన్!"

"ఆగు. విప్పే మెకానిక్‌వి. బిగించేది వేరేవాళ్లు."

ఆ గ్యారేజీలో ఉన్నంతకాలం నేను విప్పాను. విప్పి, విప్పి, స్పానరు ఎడమకి తప్ప తిరగదేమో అన్నట్టు బతికాను. సత్యవతికి మాత్రం 'సగం మెకానిక్‌ని' అని నిజమే చెప్పాను. ఏ సగం అని ఆమె ఈనాటికీ అడుగుతుంది.

కనుక, నేను చదివిన రెండు బీరువాల మీదా ఒట్టేసి, ఆ మావయ్యగారి గడ్డంలోని జీడిపప్పు సాక్షిగా, సభాముఖంగా శపథం చేస్తున్నాను: ఈ జన్మలో మంచు బండి ఇంజన్ని ఇసుక బండికి బిగించను. ఎప్పుడైనా ఖర్మ కాలి బిగించినా, గుడారాన్ని ముందు పెట్టుకునే నొక్కుతాను.