పెడల్స్ పీకించిన మోపెడ్

నా మోపెడ్ ఎంత వేగంగా పోతుందని ఎవరడిగినా అరవై అని చెప్పేవాణ్ణి. మీటరు ముల్లు నేను కొనకముందే విరిగిపోయింది కాబట్టి కాదనేవాడు లేడు. నిజానికి చదును రోడ్డు మీద, పొట్ట లోపలికి పీల్చుకుని కూర్చున్నా ముప్పై అయిదు దాటేది కాదు. బొంబాయి నాగ్‌పాడాలో ఓసారి ఒక మేక తాడు తెంపుకుని నన్ను దాటేసింది. దాని యజమాని కూడా దాటేశాడు.

మోపెడ్ అంటే మోటారూ పెడల్సూ రెండూ ఉన్న బండి. నా సిగ్గంతా ఆ పెడల్స్ గురించే. కామాఠిపురా గల్లీలో సైకిల్లా తొక్కి స్టార్ట్ చేస్తుంటే గదికో కాపురం ఉండే మా చాల్ గ్యాలరీల్లోంచి మొహాలు వంగి చూసేవి. అందుకని వాటిని పీకేసి, మోటార్‌సైకిల్‌కున్నట్టు కాళ్ళు పెట్టుకునే కడ్డీలు బిగించమని మెకానిక్‌కి చెప్పాను.

"చడావ్ వస్తే, ఎత్తెక్కాలంటే, ఏం తొక్కుతవన్నా?" అన్నాడు వాడు.

"నా బండికి చడావంటే భయంలేదు."

"బండికి లేదు. ఇంజన్‌కుంది."

అప్పటినుంచీ బండి పట్టుకుని పరిగెత్తి, ఎగిరి కూర్చుని స్టార్ట్ చేసేవాణ్ణి. గ్యాలరీల్లో మొహాలు ఇంకా పెరిగాయి.

మా చాల్లో ఏటా బతుకమ్మను గ్రాంట్ రోడ్ బంతిపూలతోనే పేరుస్తారు. తంగేడు ఇక్కడ దొరకదు. ఈసారి మా బావమరిది పాలమూరు బస్సులో తంగేడు పంపిస్తున్నాడని మా ఆవిడ చాల్‌లో అందరికీ చెప్పేసింది. పెళ్ళయి బొంబాయి వచ్చాక ఆమె తంగేడుతో పేర్చడం ఇదే మొదలు. బస్సు ధారావి దగ్గర ఆగుతుంది.

"లోకల్ రైల్ల పోయి టాక్సీల రా. పువ్వులు నలుగుతయ్," అంది.

"టాక్సీ ఎందుకే? నా బండి అరవై పోతది."

"ఎవలికి చెప్తున్నవయ్యా? నేను ఎనక కూసున్ననాడు చెత్తెత్తే కచ్రా గాడీ హారన్ గొట్టింది, జరుగుమని."

పంతానికి బండి మీదే వెళ్ళాను. పూలమూటతో పాటు బావమరిది ఎవరూ అడగకుండానే జొన్నల బస్తా కూడా పంపించాడు. బస్తా మీద మూట పెడితే ఎత్తయిపోయి, నేను ఎగిరి కూర్చోవడానికి కాలు తిరగడం లేదు. మూటని అడుగున పెట్టి, బస్తా పైన వేసి తాడు బిగించాను. ఎత్తు తగ్గింది. నా తెలివిని నేనే మెచ్చుకున్నాను.

రైల్వే వంతెన సగం ఎక్కాక ఇంజన్ దగ్గి ఆగిపోయింది. అలాంటి చోట సాయంగా తొక్కడానికే పెడల్స్ పెడతారని కాళ్ళకి అప్పుడు తెలిసింది. బండిని వెనక్కి దింపి, పరిగెత్తి, మళ్ళీ ఎక్కాను. మళ్ళీ అక్కడే ఆగింది. చివరికి ఎండలో పైదాకా తోసుకుంటూ వెళ్ళి, అవతలి పక్క కూర్చుని వదిలేశాను. ఇంజన్ ఆగిపోయిన నా బండి జీవితంలో మొదటిసారి నిజంగా పరిగెత్తింది. అరవై ఉండొచ్చు.

ఇల్లు చేరేసరికి సాయంత్రమయింది. చాల్ ముందు ఆడవాళ్ళు పట్టుచీరల్లో నిలబడి ఉన్నారు. మా ఆవిడ మూట విప్పింది. లోపల పూల పచ్చడి. ఆమె తిట్టలేదు. ఏరితే నిలిచిన గుప్పెడు పూలు పక్కన పెట్టి, బంతిపూలతో బతుకమ్మ పేర్చి, ఆ గుప్పెడూ పైన గుచ్చింది.

"ఏందొదినా, తంగేడు తంగేడంటివి?" అంది పక్కింటామె.

"మా ఆయన బండి మీద వచ్చింది. గందుకే గింత మిగిలింది."

అందరూ నవ్వారు. తను నవ్వలేదు. తప్పు నాదేనని అక్కడే చెప్పాల్సింది. నేను మాత్రం బండికి అంటిన దుమ్ము తుడుస్తూ నిలబడ్డాను.

మర్నాడు మెకానిక్ దగ్గరికి వెళ్ళాను. డబ్బాలో వెతికితే ఒక పెడల్ దొరికింది. రెండోది ఎవరిదో సైకిల్‌ది పెట్టించాను. గల్లీలో అందరూ చూస్తుండగా తొక్కుకుంటూ వచ్చి ఆగాను. ఆమె గ్యాలరీలోంచి వంగి అడిగింది.

"ఇప్పుడెంత పోతది?"

"ముప్పై అయిదు," అన్నాను, పై అంతస్తుకి కూడా వినబడేటట్టు. "ఎప్పుడూ అంతే పోయింది. పువ్వులు నలిపింది కూడా నేనే."

ఆమె గ్యాలరీ కటకటాల మీద మోచేతులు ఆనించింది.

"ఆఖరు రోజు సద్దుల బతుకమ్మకు మా తమ్ముడు మల్ల పంపుతుండు. నేనూ వస్త. మూట నా ఒళ్ళె ఉంటది."

"ఇద్దరం కూర్చుంటే చడావ్ ఎక్కదే."

"నేను దిగి నడుస్త. నువ్వు తొక్కు."