బజ్జీ ఇచ్చిన ఇందు

బజ్జీని మనిషి తినడం లోకంలో మామూలే. నా ఉద్యోగాన్నే ఒక మిరపకాయ బజ్జీ తినేయబోయింది. ఎలాగో వినండి.

ఆటిజం ఉన్న పిల్లలకు ఒక్కొక్కరి ఎదుటా విడిగా కూర్చుని నేర్పే పనిలో చేరిన కొత్తలో, రోజూ ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి తొలి బస్సెక్కేవాణ్ణి. అక్కడ ఒక పత్తి వ్యాపారి మనవరాలు ఇందు నా శిష్యురాలు. పాపకు మాటలు లేవు. బల్ల మీద బొమ్మలు పరిచి ఒకటి అడుగుతాను. సరిగ్గా తీసిస్తే మెచ్చుకుని, చేతిలో కాసిని బొరుగులు పెడతాను. కొన్నాళ్లకే ఏ బొమ్మ అడిగినా ఠక్కున ఇచ్చేది. నా అంతటి గురువు జిల్లాలో లేడని నాకు గట్టి నమ్మకం కుదిరింది.

ఆమె తాత శెట్టిగారికి మాత్రం కుదరలేదు.

"మనిషి మొగమే సూడదప్పా మా పాప. దానికి సదువేంది? ఈ పొద్దు నా ముందర సూపించు. లేదంటే రేపట్నుంచి రావద్దు" అన్నాడు.

ఇందు తల్లి సుజాతమ్మ మొహం చిన్నబోయింది. ఆమెకున్న ఆశంతా ఈ చదువే. పాపం, ఆ కంగారులోనూ బొరుగుల ఉగ్గాణి, మిరపకాయ బజ్జీలు తెచ్చి పక్కన స్టూలు మీద పెట్టింది.

"పొద్దున్నుంచి ఏం తినింటావో ఏమో. తిను సార్."

"పాఠమయినాక తింటానమ్మా" అన్నాను, మహా త్యాగిలా.

బల్ల మీద బొమ్మలు పరిచి, "ఇందూ, చెంబు ఇయ్యి" అన్నాను.

నా నోరు చెంబే అడిగింది. కళ్లు మాత్రం పళ్లెం మీదే ఉండిపోయాయి. ఇందు నా కళ్లలోకి చూసింది. బొమ్మలను పట్టించుకోకుండా లేచి, ఒక బజ్జీ తెచ్చి నా చేతిలో పెట్టింది.

"ఇది కాదమ్మా, చెంబు!" అన్నాను మళ్లీ పళ్లెం వైపే చూస్తూ.

ఇంకో బజ్జీ వచ్చింది.

అప్పటికి గానీ నా ఘనత నాకు తెలియలేదు. ఇన్నాళ్లూ అడిగిన బొమ్మ వైపు నేనే చూస్తున్నాను, ఆ పిల్ల నా చూపును బట్టి తీసిస్తోంది! సిగ్గుతో సంచీ సర్దుకున్నాను.

"యాడికి పోతాండావు?" అన్నాడు శెట్టిగారు.

"పాప బొమ్మలేవీ నేర్చుకోలేదు శెట్టిగారూ. నా కండ్లు సూసి ఇస్తాంది, అంతే."

"కండ్లు సూసిందా? ఎవురి మొగమూ సూడని పిల్ల, నీ కండ్లు సూసి ఆకలి కనిపెట్టిందా?" శెట్టిగారు నా దగ్గరికొచ్చాడు. "లెయ్యప్పా. ఆ కుర్చీ నాకియ్యి."

మనవరాలి ఎదుట కూర్చుని, పళ్లెం వైపు చూపు నిలిపాడు. ఇందు ఆయన మొహంలోకి చాలాసేపు చూసింది. తర్వాత లేచి వెళ్లి, ఒక బజ్జీ తెచ్చి తాత చేతిలో పెట్టింది.

"నూనెవి తినగూడదని డాక్టరు సెప్పినాడు మామా!" అంది సుజాతమ్మ కళ్లు తుడుచుకుంటూ.

"ఆ డాక్టరుకు మనవరాలు లేదేమో" అని ఆయన నమిలేశాడు. నా వైపు తిరిగి, "రేపు రా అప్పా. తిని రా" అన్నాడు.

ఉరుకుంద ఈరన్న స్వామి మీద ఒట్టు, ఆ తర్వాత ఏ పిల్ల ముందూ ఆకలితో కూర్చోలేదు, కూర్చోను.