వాన లేని కొండ కోసం

మా పై వాటాలో అద్దెకుండే వదినకూ నాకూ సైకిళ్ల పిచ్చి ఒకేసారి పట్టింది. ఒకరినొకరం వదినా అని పిలుచుకోవడమే గాని చుట్టరికమేం లేదు. ఆమెది భీమవరం వైపు, బ్యాంకులో ఉద్యోగం. నేను మా ఆయనతో కలిసి దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణం చూసుకుంటాను. ఇద్దరం లావు టైర్ల గేరు సైకిళ్లు కొని, కొన్నాళ్లు పొద్దున్నే సరూర్‌నగర్ చెరువు దాకా వెళ్లొచ్చాం. ఆ మాత్రానికే కొండదారుల్లో తొక్కేయగలమన్న ధీమా వచ్చేసింది.

అసలే వానాకాలం. అనంతగిరి వెళ్దామనుకున్న ఆదివారమల్లా అక్కడ వాన. మానుకుంటే మాడు పగిలే ఎండ. చివరికి వదినే ఉపాయం చెప్పింది.

"ముందే ఊరు ఖాయం చేసుకోబట్టేనండీ ఈ గొడవంతా. పడమర అనంతగిరి, తూర్పున రాచకొండ. పొద్దున్నే బయలుదేరదాం, ఎటు వాన లేకపోతే అటెళ్దాం."

"గిది మంచిగున్నది వదినా," అన్నాను.

కారు నడపాల్సిన మా ఆయన మాత్రం, "అంటే నా స్టీరింగు మబ్బుల చేతిలున్నదన్నట్టు," అన్నాడు.

సైకిళ్లు కారు వెనక కట్టి, పులిహోర డబ్బా పెట్టుకుని, ఎల్‌బీ నగర్ చౌరస్తా దాటి పక్కన ఆగాం. రాచకొండలో ఎండ అంది నా ఫోను, వాన అంది వదిన ఫోను. మా ఆయన తల బయటపెట్టి తూర్పుకు చూశాడు. నల్లగా ఉంది. పడమటికి తిప్పాడు.

చేవెళ్ల దాటామో లేదో ముందు బండి కనిపించనంత వాన. అద్దం తుడిచే పుల్లలు చేతులెత్తేశాయి. అప్పుడే వదిన వెనక సీట్లోంచి అరిచింది. "రాచకొండలో ఎండొచ్చేసిందండోయ్!"

మా ఆయన కారు వెనక్కి తిప్పిన తీరులోనే అన్నీ అనేశాడు.

విజయవాడ హైవే దిగి రాచకొండ దారి పట్టేసరికి అక్కడా మొదలైంది. చాయ్ కొట్టు ముందు ఆపితే, కొట్టామె మా సైకిళ్లను చూసి జాలిపడింది. "ఇప్పటిదాంక ఎండనే ఉండె అక్కా. వాన మీ ఎంబడే ఒచ్చినట్టున్నది."

పులిహోర కార్లోనే తిని వెనుదిరిగాం. ఇంటికని మీర్‌పేట్ చేరేసరికి మా వీధి వీధిలా లేదు. పొద్దున మేం వెళ్లాక పైపుల కోసం తవ్విపోసిన మట్టి గుట్టలు, మధ్యలో మోకాలి లోతు బురదనీళ్లు. కారు పోయే దారి లేదు. మా ఆయన మెయిన్ రోడ్డు మీదే ఆపి, సైకిళ్ల తాళ్లు విప్పాడు.

"దిగున్రి. గుట్టలు గీడనే ఉన్నయ్."

ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. హెల్మెట్లు పెట్టుకున్నాం. మొదటి గుట్ట ఎక్కి దిగేసరికి బాల్కనీల్లోకి జనం వచ్చేశారు. "గేర్ తగ్గించు ఆంటీ!" అని ఎవరో అరిచారు. వదిన ఏ గేరు వేసిందో గాని, నేరుగా నీళ్లలో కూర్చుంది. కంగారుగా దగ్గరికెళితే, పొట్ట పట్టుకుని నవ్వుతోంది.

"వదినగారూ, ఇంకోసారెళ్దామండీ!"

వెళ్లాం. ఆ చివర నుంచి ఈ చివరకు, మళ్లీ వెనక్కి. ఒళ్లంతా బురదతో గట్టెక్కేసరికి మా ఆయన ప్యాంటు మోకాళ్లపైకి మడిచి, పులిహోర డబ్బా నా చేతికందించాడు.

"ఒక్క రౌండు నాకియ్యరాదే."