వెయ్యి వాట్ల వేకువ

గుణదలలోని ఆ ఆడపిల్లల బడిలో అమలమ్మ సైన్సు గది చూసుకునేది. సీసాలు కడగడం, టీచర్లు పాఠం చెప్పేవేళకు తీగలు కలిపి పెట్టడం ఆమె పని. చదువు ఎనిమిదితో ఆగింది గాని, పదిహేనేళ్లుగా తలుపు పక్కన నిలబడి విన్న పాఠాలన్నీ తలలో భద్రంగా ఉన్నాయి.

1974లో ఈస్టరుకి పిల్లలు ప్రభువు సమాధి దగ్గరి వేకువ ఘట్టం నాటకంగా వేస్తున్నారు. ఏటా స్విచ్చి టక్కున వేస్తే తెల్లారిపోయేది. ఈసారి, మూతపడిన ఒక నాటక సమాజంవాళ్లు బడికి ఒక ఇనప డబ్బా ఇచ్చారు. దాని పిడి తిప్పితే దీపం మెల్లగా తగ్గి, మెల్లగా పెరుగుతుందట. దాన్ని డిమ్మరంటారని, నిజమైన వేకువ చూపించొచ్చని హెడ్మిస్ట్రెస్ మదర్ గారు సంబరపడ్డారు.

లైట్లు అద్దెకిచ్చే శౌరయ్య దానికి ట్యూబులైటు తగిలించాడు. పిడి తిప్పగానే అది గిలగిలా కొట్టుకుని ఆరిపోయింది. నలభై వాట్ల బల్బు పెడితే, పిడి ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పినా వెలుగు తగ్గీ తగ్గనట్టే ఉంది.

"డబ్బా పాడైందండీ అమలమ్మగారూ. పాత స్విచ్చే వాడుకుందాం," అన్నాడు శౌరయ్య.

అమలమ్మకు మనసొప్పలేదు. కిరసనాయిలు గుడ్డతో డబ్బా తుడుస్తుంటే మకిలి కింద రేకు ముక్క, దాని మీద అంకె కనిపించాయి. వెయ్యి వాట్లు. ఆ డబ్బాలో ఉండేలాంటి ఒకే తీగచుట్టకి చిన్న బల్బు లొంగకపోవడం, పెద్దది లొంగడం సైన్సు గదిలో ఎన్నిసార్లు చూడలేదు!

"పాడవలేదండీ శౌరయ్యగారూ. వెయ్యి వాట్లు మోసేదానికి నలభై తగిలించాం. దానికది ఆనలేదు, అంతే."

మర్నాడే బస్సెక్కి వన్‌టౌన్‌లో వెంకటప్పయ్య కరెంటు సామాన్ల కొట్టుకు వెళ్లింది. ఇప్పుడందరూ ట్యూబులే కొంటున్నారని ఆయన నచ్చజెప్పబోయాడు. తనకు లోపల తీగ ఎర్రబడి వెలిగే బల్బులే కావాలని, వంద వాట్లవి పది కావాలని ఆమె పట్టుబట్టింది. ఒక్కొక్కటీ హోల్డరులో వెలిగించి చూపించేదాకా వదల్లేదు. గడ్డి పరిచిన బుట్టలో సర్దుకుని, ఒళ్లో పెట్టుకుని తిరిగొచ్చింది.

మధ్యాహ్నం హాలు కిటికీలు మూసి, పది బల్బులూ ఒక చెక్కకు బిగించారు. ఆమె పిడిని కొద్దికొద్దిగా జరిపింది. ముందు చీకట్లో నిప్పుకణికల్లా పది ఎర్రటి గీతలు. తర్వాత నారింజ రంగు. తర్వాత పసుపు. చివరికి హాలంతా తెల్లటి వెలుగు. శౌరయ్య వచ్చి పిడి అందుకుని, మూడుసార్లు పొద్దు పొడిపించి, మూడుసార్లు కుంకించాడు.

నాటకం రోజు సాయంత్రం మగ్దలేనె మరియ వేషం వేసిన మార్త సమాధి ముందు కూర్చుంది. తెర వెనక అమలమ్మ పిడి పట్టుకుంది. ఆమె పిడి కదిలించగా సమాధి రాతి మీద ఎరుపు పాకింది, పిల్ల ముఖం మెల్లగా బయటపడింది. జనంలో సన్నటి కలకలం లేచి అణిగింది. మార్త ఆ వెలుగు చూస్తూ తన మాట మరిచి అలాగే ఉండిపోయింది. ఆ ఆలస్యం కూడా నాటకమే అనుకుని ముందు వరసలో ఆడవాళ్లు కళ్లొత్తుకున్నారు.

అంతా అయ్యాక మదర్ గారు తెర వెనక్కి వచ్చారు. మెచ్చుకోవడానికి కాబోలనుకుని అమలమ్మ లేచి నిలబడింది. ఆవిడ అటూఇటూ చూసి, గొంతు తగ్గించి అడిగారు.

"ఒకసారి నేను తిప్పనా అమలమ్మా?"