ఏడంతస్తుల కొండ

శ్యామలాదేవికి సింగపూర్‌లో డ్రైవింగ్ లైసెన్సు మూడోసారికి వచ్చింది. మొదటి రెండుసార్లూ పరీక్ష మైదానంలో కట్టిన చిన్న ఎత్తు దగ్గరే పోయింది. ఎత్తు మీద కారు ఆపాలి, మళ్ళీ కదిలించాలి. ఆమె కదిలించేలోపు కారు వెనక్కి జారింది. ఆ తర్వాత పదకొండేళ్ళలో ఆమెకు ఎత్తులతో పెద్దగా పనిపడలేదు. ఎటు చూసినా చదునైన రోడ్లే. సొంత కారు లేదు. రోజూ జురాంగ్ వెస్ట్ నుంచి రైలెక్కి, క్లెమెంటిలో ఓ పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో కూర్చునేది.

జూన్ సెలవుల్లో ఆల్ప్స్‌కి వెళ్ళాలన్నది ఆమె కోరిక. టూర్ బస్సులో కాదు. ఆమె ఎంచుకున్న రిసార్టు ఓ లోయ చివర ఉంది. అక్కడికి రైలూ లేదు, బస్సూ లేదు. పద్దెనిమిది కిలోమీటర్ల మలుపుల దారి. ఆ దారి వీడియో రైల్లో చూస్తూ రెండుసార్లు దిగాల్సిన స్టేషన్ దాటిపోయింది.

భర్త జనార్దనరావుకి డ్రైవింగ్ రాదు.

"ఆ కొండల్లో నువ్వు నడుపుతావా?" అన్నాడు ఆదివారం పొద్దున్నే. "మధ్యాహ్నంలోగా రూమ్ క్యాన్సిల్ చెయ్యాలి. తర్వాత కుదరదు."

"ఒక్కసారి నాతో రండి. చూశాక చేసుకోండి."

వాళ్ళ బ్లాకు పక్కనే ఏడంతస్తుల కార్ పార్క్. అద్దె కారుతో మూడు నెలలుగా ఆమె సాధన అక్కడే.

"అమ్మా, ఇది కార్ పార్క్," అంది కూతురు కీర్తిక వెనక సీట్లోంచి. "కొండ కాదు."

"కాసేపు అనుకోవే."

"అనుకుంటే అయ్యే పనైతే నేనెప్పుడో పైలట్‌ని," అన్నాడు జనార్దనరావు, బెల్టు బిగించుకుంటూ.

వాన అప్పుడే వెలిసింది. తడి సిమెంటు వాసన చల్లగా లోపలికొచ్చింది. రెండో మలుపు తిరిగేసరికి గోడలు దూరం జరిగాయి. ఖాళీల్లోంచి కనబడే చెట్ల కొనలు కిందికి దిగుతున్నాయి. ఎక్కడో ఆవుల మెడగంటలు మోగుతున్నట్టు ఆమెకి అనిపించింది. నాలుగో అంతస్తు ఎప్పుడు దాటిందో తెలీలేదు.

అయిదో అంతస్తుకీ ఆరో అంతస్తుకీ మధ్య, ఎత్తు మీదే, ముందు వెళ్తున్న వ్యాను ఆగిపోయింది. ఆమె ఆపింది. హ్యాండ్‌బ్రేక్ లాగింది. కాసేపటికి వ్యాను ముందుకు కదిలింది.

"జారుతోంది! శ్యామలా, వెనక్కి పోతున్నాం!" జనార్దనరావు డాష్‌బోర్డు పట్టుకున్నాడు.

ఆమెకీ అలాగే అనిపించింది. కాలు కదపకుండా పక్కనున్న స్తంభం వైపు చూసింది. స్తంభం మీది నంబరు అద్దం అంచు దగ్గరే ఉంది.

"ఆ స్తంభం చూడండి. మనం కదల్లేదు. వ్యానే వెళ్తోంది."

ఆయన చూశాడు. ఆమె యాక్సిలరేటర్ కాస్త నొక్కి, నెమ్మదిగా హ్యాండ్‌బ్రేక్ వదిలింది. కారు అంగుళం కూడా వెనక్కి పోకుండా పైకెక్కింది.

టెర్రస్ మీద వాన మబ్బు పొగమంచులా దిగి ఉంది. ఎదురుగా ఉన్న బ్లాకుల పై అంతస్తులు కనబడటం లేదు.

జనార్దనరావు ఫోను తీశాడు. రిసార్టు బుకింగ్ తెరిచాడు.

"ఎన్నింటికి చేరతారని అడుగుతున్నారు వీళ్ళు. ఏం రాయను?"

"నాలుగని రాయండి," అంది ఆమె. "దారిలో రెండు మూడుచోట్ల ఆగాలి నేను."